ఎదురుబువ్వ

ఫిబ్రవరి 3, సోమవారం. వికారాబాద్.

ఇంటి ఓనరు పద్మారాణి ఆంటీ మళ్ళీ అడిగింది, "మీ ఆయన కనవడ్తలేడేంది దేవికా?" అని. తాండూరులో కబడ్డీ క్యాంపు ఉందని చెప్పాను. అబద్ధమేమీ కాదు. క్యాంపు జనవరిలో మొదలైంది. జనవరిలోనే అయిపోయింది కూడా. ఆ రెండో ముక్క ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మా అమ్మ అంటుంది. అందుకే నోటితో చెప్పలేనిది ఇక్కడ రాసుకుంటున్నాను. ఎవరికీ చూపించేది కాదు కాబట్టి అక్షరాలు ఎంత వంకరగా ఉన్నా అడిగేవాళ్ళు లేరు.

నవీన్ వెళ్ళేటప్పుడు బూట్లు, విజిలు, మోకాలి పట్టీ తీసుకెళ్ళాడు. బట్టలు బీరువాలోనే ఉన్నాయి. పెళ్ళినాటి కోటు కూడా ఉంది. ఇల్లు వదిలిపోయేవాడు ఎవడైనా బట్టలు వదిలిపోతాడా? స్కూల్లో పీఈటీ సారుకు బూట్లూ విజిలే కావాలి. ఏది కావాలో అదే పట్టుకుపోయాడు. మిగతావాటి కోసం రాక తప్పదు.

ఫిబ్రవరి 5

ఫోన్ రాలేదు. నేనూ చెయ్యలేదు.

చేశాను. ఎత్తలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

నవీన్ వచ్చాడు.

తన ఇంటి తలుపు తానే కొట్టాడు. తాళంచెవి జేబులో పెట్టుకుని తలుపు కొట్టే మొగుణ్ణి ఇప్పుడే చూడటం. ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చున్నాడు. నీళ్ళిచ్చాను. అన్నం తింటావా అంటే తినే వచ్చానన్నాడు. ఎక్కడ తిన్నాడో అడగలేదు. అడిగితే చెప్తాడు, అదే నా భయం.

"శివరాత్రి అయినంక టోర్నమెంటు ఉన్నది గదా," అన్నాడు, గ్లాసు వైపు చూస్తూ.

"ఉంటది. ప్రతేడు ఉంటది."

"నువ్వు రావాలె. ఈ ఒక్కపారికి."

"ఎందుకు? నేనే వద్దన్నోనికి నా వంటెందుకు?"

"వంటకు కాదు దేవికా. అమ్మకు ఇంక చెప్పలే. మీ నాయనోళ్ళు గూడ వస్తరు. కెప్టెన్ పెండ్లాం ట్రాలీ కాడ లేకుంటే అందరు అడుగుతరు. పోరగాండ్ల మనసు ఆట మీద ఉండదు. టోర్నమెంటు అయిపోనియ్యి, రెండిండ్లల్ల నేనే చెప్త. నీ మీద మాట రానియ్య."

అబ్బా, ఎంత దయ! నా మీద మాట రానివ్వడట. కాలు విరగ్గొట్టి, కట్టు మాత్రం నేనే కడతానన్నట్టు ఉంది.

డిసెంబరులోనూ ఇంతే మెల్లగా చెప్పాడు. "వేరే ఆమె ఉంది దేవికా. మా స్కూల్ల టీచరు. నీ తప్పేం లేదు." ఆ చివరి మాటే నన్ను చంపింది. తప్పుంటే దిద్దుకునేదాన్ని. కూరలో కారం ఎక్కువైతే ఏదో ఒకటి చెయ్యొచ్చు. కూర బాగానే ఉంది గానీ నాకే తినాలని లేదంటే ఏం చేసేది?

వస్తానని చెప్పాను. చెప్పగానే ఆయన ముఖం తేలికపడింది. మెట్లు దిగేటప్పుడు చిన్నగా ఈల కూడా వేసుకున్నాడు.

అత్తమ్మ కోసం ఒప్పుకున్నానని ముందు రాయబోయాను. కాదు. ట్రాలీ దగ్గరికి వస్తే నవీన్ వేరే మనిషి అవుతాడు. ఆ పొగలో, ఆ గోలలో, మెడ దాకా దుమ్ము కొట్టుకుని వచ్చి నన్ను చూసి నవ్వుతాడు. ఎనిమిదేళ్ళూ నవ్వినవాడు తొమ్మిదో ఏడు నవ్వకుండా ఉంటాడా? అక్కడికి రానీ, చూస్తాను.

ఆమె పేరు ఇక్కడ రాయను.

ఫిబ్రవరి 12

మ్యాచింగ్ సెంటర్‌లో నాతో పాటు కౌంటర్ మీద ఉండే పిల్లది హైదరాబాద్. టోర్నమెంటుకు లీవు అడిగానని తెలిసి నవ్వింది. "ఆట చూడ్డానికి పోతే సమోసా కొనుక్కుని తింటారక్కా, పొయ్యి మోసుకుపోతారా ఎవరైనా?"

దానికేం తెలుసు! ఆట ముప్పావుగంటలో అయిపోతుంది. దావత్ పొద్దంతా ఉంటుంది. ఒక్కో ఊరు ఒక్కో ట్రాక్టర్ ట్రాలీతో దిగుతుంది. ట్రాలీని వెనక్కి నడిపి గ్రౌండ్ వైపు తిప్పి పెడతారు. వెనక తలుపు గొలుసుల మీద కిందికి దించితే అదే బల్ల. ఉల్లిగడ్డలు కోసేది దాని మీదే, కాళ్ళు వేలాడేసుకుని ఆట చూసేదీ దాని మీదే. ట్రాలీ నుంచి రెండు బొంగులకు టార్పాలిన్ కడితే నీడ. పొద్దున్నే జొన్నరొట్టె, బోటి కూర. మధ్యాహ్నానికి బగారన్నం, మటన్, పచ్చిపులుసు. కల్లు క్యాన్లు తడి గోనెసంచుల కింద. సేడం వైపు నుంచి వచ్చే కన్నడం వాళ్ళ ట్రాలీ ముందు నుంచి పోతే "ఊట ఆయితా అక్కా?" అనకుండా వదలరు. తిన్నామన్నా సరే, ఒక రొట్టె మీద పల్లీల శేంగా చట్నీ పెట్టి చేతిలో పెడతారు.

టోర్నమెంటు మిగతా రోజుల్లో మగవాళ్ళే వండుకుంటారు, అడుగంటించుకుంటారు. ఫైనల్ రోజు మాత్రం ఆడవాళ్ళ వంట. ఎవరు ఏ ట్రాలీ దగ్గర నిలబడి వండితే ఆ ఇంటి మనిషని లెక్క. కొత్త కోడలిని చూడాలన్నా, ఏ ఇంట్లో తగవు నడుస్తోందో తెలియాలన్నా పెళ్ళిళ్ళకు పోనక్కర్లేదు, ఈ గ్రౌండ్ చుట్టూ ఒక చక్కర్ కొడితే చాలు.

పెళ్ళైన ఏడు నేను పొయ్యికి నాపరాయి ముక్కలు ఏరుకొచ్చాను. మా అత్తమ్మ భాగమ్మ కేక గ్రౌండ్ అవతలికి వినపడింది. "నీ పాడుగాను! నాపరాయి పొయ్యికి పెడ్తరానే? కాగిందంటే పేలి మొకం మీదికొస్తది!" అందరూ నవ్వారు. నవీన్ వచ్చి మామూలు రాళ్ళు తెచ్చిచ్చి, "మా అమ్మ అరిసిందంటే ఇష్టమైనట్టే," అని చెవిలో చెప్పి పోయాడు.

ఎదురుబువ్వ సంగతి కూడా ఆ రోజే చెప్పింది అత్తమ్మ. గెలిచిన ఊరు ముందు తినకూడదు. గెలిచిన కెప్టెన్ ఇల్లాలు మొదటి పళ్ళెం పట్టుకుని గ్రౌండ్ దాటి ఓడిన ఊరి ట్రాలీ దగ్గరికి పోవాలి. వాళ్ళలో ఒకరు ముద్ద మింగే దాకా గెలిచినవాళ్ళలో ఒక్కరూ గిన్నె ముట్టరు. "ఎదురు నిల్సినోనికి ముందు పెట్టాలె బిడ్డా. లేకుంటే గెల్పు కడుపుల పట్టదు," అంది. ఒక ఏడు ఒక ఊరివాళ్ళు అలిగి ఎంతకూ ముట్టుకోలేదు. మావాళ్ళు విస్తరాకులు ముందేసుకుని ఆవులిస్తూ కూర్చున్నారు. ఇంటికొచ్చాక నవీన్, నేనూ అది తలుచుకుని తలుచుకుని నవ్వాం.

పళ్ళెం పట్టుకునే మనిషి కావాలి కాబట్టి పిలిచాడని నాకు తెలుసు. ఆ మాత్రం తెలివి ఉంది. కావాల్సింది నేనే కదా అయినా.

ఫిబ్రవరి 15

ఆమె ఇవాళ మా షాపుకు వచ్చింది.

చిలకపచ్చ చీర తెచ్చి ఫాల్, జాకెట్ ముక్క అడిగింది. నవీన్ ఫోన్లో ఫొటో చూసి ఉన్నాను కాబట్టి చూడగానే గుర్తుపట్టాను. నేనెవరో ఆమెకు తెలియదు. రాక్షసిలా ఉంటే ఎంత బాగుండు! నుదుటి మీద రెండు మొటిమలు, చేతికి చాక్‌పీసు పొడి, పొద్దంతా నిలబడి పాఠం చెప్పిన అలసట. అంతే మనిషి.

ఒక షేడు తేడా ఉన్న ముక్క తీసి చీర మీద పరిచాను. ట్యూబ్‌లైట్ కింద తెలియదు, ఎండలో పట్టిస్తుంది.

"ఎండల గూడ కలుస్తదా అక్కా?" అంది.

"మస్తు కలుస్తది," అన్నాను.

డబ్బులిచ్చి మెట్లు దిగుతుంటే పిలిచాను. సరైన ముక్క కోసి మార్చి ఇచ్చాను. మ్యాచింగ్ తప్పితే షాపు పరువు పోతుంది. అందుకే ఇచ్చాను, వేరే ఏమీ లేదు.

ఆమె పేరు రచన. రాసేశాను.

ఫిబ్రవరి 18

పెద్దేముల్ నుంచి నాయన ఫోన్. గొర్ల మంద దగ్గర ఉన్నట్టున్నాడు, ఆయన మాట కంటే వాటి అరుపులే ఎక్కువ వినపడ్డాయి.

"బిడ్డా, ట్రాలీకి పొట్టేలును సూసి పెట్టిన. ఈ పారి కప్పు పెద్దేముల్‌దే. మీ అత్తగారి యాలాలోళ్ళను ఉట్టి పచ్చిపులుసు తాగి పొమ్మను."

"చెప్త నాయనా."

"నీ తమ్ముడు విజయ్‌గాడు పొద్దుగాల్నే లేసి ఉరుకుతుండు. అల్లునికి చెప్పు, మోకాలికి రెండు పట్టీలు కట్టుకొమ్మని. ఉన్నడా? ఇయ్యి ఫోను."

"స్నానం చేస్తుండు."

మొన్న చేసినప్పుడు కూడా స్నానమే అన్నాను. నాయన ఏదో గొర్రెను అదిలించాడు. "మస్తు సాఫుగుంటడు మా అల్లుడు," అన్నాడు. నవ్వాడో లేదో గొర్ల గోలలో తెలియలేదు.

"నువ్వు మంచిగున్నవా బిడ్డా?"

"మంచిగున్న నాయనా. నాకేమైంది?"

ఫోన్ పెట్టేశాక బాత్రూమ్ నల్లా తిప్పి కాసేపు నీళ్ళు వదిలాను. ఎవరు వినాలని వదిలానో నాకే తెలియదు.

ఫిబ్రవరి 21

ఆయన చొక్కాలన్నీ ఉతికి ఇస్త్రీ చేశాను. మాసినవి కావు.

ఫిబ్రవరి 26, శివరాత్రి

ఉపవాసం ఉన్నాను. దేనికోసమని ఎవరూ అడగలేదు, దేవుడు కూడా.

మార్చి 1, శనివారం. యాలాల్.

పొద్దున వికారాబాద్‌లో బస్సెక్కి తాండూరులో దిగి ఆటోలో వచ్చాను. అత్తమ్మ గడప దగ్గరే పట్టుకుంది. "ఏందే గిట్ల ఎండిపోయినవ్? వాడు తిండి పెడ్తలేడా, నువ్వే తింటలేవా?" అంటూ భుజాలు తడిమింది. సంచి లోపల పెట్టక ముందే చేతిలో చాయ్ గ్లాసు పెట్టింది. ఈమెకు తెలియదు. ఈ ఇంట్లో గోడలకు కూడా తెలియదు. నాకే అనుమానం వచ్చింది, నిజంగా ఏదైనా జరిగిందా అని.

సాయంత్రం నవీన్ వచ్చి కబురు చెప్పాడు. సెమీస్‌లో గెలిచారట. అటువైపు నుంచి పెద్దేముల్ కూడా గెలిచిందట.

"అయితే రేపు నీ అత్తగారూరికి, నీ తల్లిగారూరికే పోటీ!" అని అత్తమ్మ చప్పట్లు కొట్టింది. "దేవికా, ఎవరి దిక్కు అరుస్తవే?"

"ఎవరు మంచిగ ఆడితే వాళ్ళ దిక్కు," అన్నాను.

"ఏమోనమ్మా, గిట్ల మాట్లాడెటోళ్ళకు ఓటెయ్యొద్దు," అన్నాడు నవీన్. అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను. ఎంత కాలమైందో.

మసాలాకు ఎండుమిర్చి వేపుతుంటే ఘాటుకు దగ్గు తెర పట్టుకుంది. నవీన్ వచ్చి, భుజం మీది తువ్వాల తీసి నా ముక్కుకు అడ్డంగా కట్టాడు. ముడి వేసేటప్పుడు వెంట్రుక పట్టుకుంటే మెల్లగా విడదీశాడు కూడా. ఆ సమయంలో వంటింట్లో ఎవరూ లేరు. అత్తమ్మ బయట బియ్యం చెరుగుతోంది. నాటకమైతే చూసేవాళ్ళుండాలి కదా? ఎవరూ చూడనప్పుడు కూడా కట్టాడంటే ఏమిటి అర్థం?

వచ్చేశాడు. నాకు తెలుసు. రెండు నెలలు పిచ్చి పట్టింది, దిగింది.

రాత్రి పోరగాళ్ళతో పాటు స్కూలు వరండాలో పడుకుంటానని పోయాడు. ఫైనల్ ముందు కెప్టెన్ టీముతోనే పడుకోవాలి. ప్రతి ఏడూ అంతే.

పోయిన ఏడు ఇంట్లోనే పడుకున్నాడు.

మార్చి 3, సోమవారం. పెద్దేముల్.

నిన్న రాయలేకపోయాను. ఇవాళ మొత్తం రాసి మూసేస్తాను.

సిగ్గు విడిచి రాస్తున్నాను, నిన్న పొద్దున నేను సంతోషంగా ఉన్నాను. ట్రాలీలో ఆడవాళ్ళందరం కిక్కిరిసి కూర్చుని తాండూరు దాకా పాడుకుంటూ పోయాం. గ్రౌండ్‌లో మా ట్రాలీని వేప చెట్టు వైపు పెట్టారు. సరిగ్గా ఎదురుగా, గ్రౌండ్ అవతల, పెద్దేముల్ ట్రాలీ. అమ్మ అక్కడి నుంచి గరిటె ఊపింది, నేను ఇక్కడి నుంచి గరిటె ఊపాను. నాయన తలకు రుమాలు చుట్టుకుని పొట్టేలు మాంసం ముందు కూర్చున్నాడు, పెళ్ళికొడుకు తండ్రిలాగా. పక్కనే కన్నడం వాళ్ళ ట్రాలీ. పోయిన ఏడు నాకు రొట్టె పెట్టిన అక్క గుర్తుపట్టి నవ్వింది.

నేనే మసాలా పట్టించాను, నేనే నీళ్ళు పోశాను. "ఏం దేవికా, కెప్టెన్‌కు మూలుగ బొక్క దాస్తున్నవా?" అని ఆడవాళ్ళు ఆటపట్టిస్తుంటే, "మీ మొగుళ్ళకు మీరు దాసుకోండ్రి, ఎవరొద్దన్నరు?" అన్నాను. నిజంగానే ఒకటి పక్కకు పెట్టాను.

మ్యాచ్ సంగతి ఏం రాయను! చివరి కూత దాకా సమానంగానే ఉన్నారు. ఆ కూతకు నవీనే పోయాడు. మా తమ్ముడు విజయ్ వెనక నుంచి నడుం పట్టుకున్నాడు, ఇంకొకడు మడమ పట్టుకున్నాడు. నేను బల్ల మీద నుంచి దూకి "నవీన్! నవీన్!" అని అరిచాను. తమ్ముడి పేరు నోట్లోకి రానేలేదు. నవీన్ ఇద్దరినీ ఈడ్చుకుంటూ పోయి వేలి కొసతో గీత తాకాడు. విజిల్ మోగింది. డీజే వాడు బాక్సులు పగిలేట్టు పెట్టాడు. అత్తమ్మ నన్ను వాటేసుకుని ఎగిరింది.

ఆయన్ని భుజాల మీద మోసుకొచ్చారు. దిగి నేరుగా పొయ్యి దగ్గరికి వచ్చాడు. కనురెప్పల మీద కూడా దుమ్ము. ప్రతి ఏడులాగే గరిటెతో ఒక ముక్క తీసి, ఊది, ఆయన అరచేతిలో పెట్టాను. ప్రతి ఏడూ నమిలి, ముఖం వికారంగా పెట్టి "ఉప్పెక్కువైంది" అంటాడు. ఎక్కువ కాదు. నేను గరిటె ఎత్తి కొట్టబోతాను, ఆయన పారిపోతాడు. అది మా ఆట. గరిటె పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాను.

ఆయన నమిలాడు. "మస్తున్నది," అన్నాడు. "థ్యాంక్స్ దేవికా."

ఎనిమిదేళ్ళలో ఆ మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు. జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నప్పుడు ఆయన అనలేదు, నేను అనలేదు. ఇంటి మనిషికి ఎవరు చెప్తారు థ్యాంక్స్? దారి చూపించినవాళ్ళకు చెప్తాం, బస్సులో జరిగి చోటిచ్చినవాళ్ళకు చెప్తాం. గరిటె దించేశాను.

ఆయన ఇంకా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా అన్నాడు. "ఎదురుబువ్వ ఒక్కటి ఇచ్చిరా. అయిపోతది. సాయంత్రం నేనే నిన్ను వికారాబాద్ బస్సు ఎక్కిస్త. ఒక్కదానివి ఫికర్ చెయ్యకు."

ఎంత మంచివాడు! పక్కనున్న ఎవరికి దగ్గొచ్చినా తువ్వాల తీసి కట్టే రకం. అది నాకు ముందే తెలుసు, ఎనిమిదేళ్ళుగా తెలుసు. తెలిసి కూడా దాన్ని పట్టుకుని రాత్రంతా నిద్రపోకుండా ఏమేమో అల్లుకున్నాను. ఛీ, నా బతుకు.

అత్తమ్మ స్టీలు పళ్ళెంలో బగారన్నం కుప్ప పోసి, మధ్యలో గుంట చేసి కూర పోసింది. నేను పక్కకు పెట్టిన మూలుగ బొక్క కనపడితే అదీ తీసి పైన పెట్టింది. "పో బిడ్డా. మీ నాయన చేతికే ఇయ్యి. జల్ది తినుమను, పోరగాండ్లు ఆకలికి ఆగుతలేరు," అంది.

గ్రౌండ్ దాటాను. ముగ్గు గీతలన్నీ చెరిగిపోయి ఉన్నాయి. వెనక యాలాల్ వాళ్ళందరూ విస్తరాకులు పట్టుకుని నిలబడ్డారు. ముందు పెద్దేముల్ వాళ్ళు. మోచేయి గీసుకుపోయిన విజయ్ నన్ను చూసి, "అక్కనే తెచ్చినంక ఇగ ఎట్ల అలుగుతం?" అని నవ్వాడు. మ్యాచ్‌లో నేను అరిచింది విన్నాడో లేదో. విన్నా ఏమీ అనలేదు.

నాయన లేచి రెండు చేతులతో పళ్ళెం అందుకున్నాడు. తినలేదు. నన్నే చూస్తున్నాడు.

"కూసో బిడ్డా."

"పోవాలె నాయనా. అక్కడ అందరు ఆకలి మీదున్నరు. ఒక ముద్ద తిను."

"నువ్వు తిను ముందు."

"నేనెట్ల తింట? నేను గెల్సినోళ్ళ దిక్కు మనిషిని."

నాయన నా ముఖంలోకి ఇంకొంచెం వంగి చూశాడు. "గెల్సినోళ్ళ మొకం గిట్ల ఉంటదా బిడ్డా?" అన్నాడు.

పెద్దేముల్ ట్రాలీ వెనక తలుపు మీద కూర్చున్నాను. అమ్మ "ఏమైంది? ఏమైందే?" అని దగ్గరికి వస్తుంటే నాయన చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. పళ్ళెం నా ఒడిలో పెట్టాడు. ఇంకెవరూ దాని మీద చెయ్యి వెయ్యలేదు. ముద్ద కోసం ముందుకొచ్చిన విజయ్ కూడా వెనక్కి తగ్గాడు.

అవతల డీజే ఆపేశారు. "దేవికా! ఏమాయెనే? రాయే!" అని అత్తమ్మ పిలిచింది. నేను లేవకపోయేసరికి నడి గ్రౌండ్ దాకా వచ్చింది. నాయననూ, నన్నూ, ఒడిలో పళ్ళేన్నీ చూసింది. వెనక్కి తిరిగి కొడుకు వైపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

నవీన్ ట్రాలీ ముందుకు వచ్చి నిలబడ్డాడు. నన్ను చూస్తున్నాడు. డిసెంబరు నుంచి నాతో మాట్లాడినప్పుడల్లా గోడను చూశాడు, ఫోన్ను చూశాడు, గ్లాసును చూశాడు. నిన్న నన్ను చూశాడు.

ముద్ద కలిపి చేతిలో పట్టుకున్నాను. ఓడినవాళ్ళ ట్రాలీ మీద కూర్చున్నాను కాబట్టి, నేను తినకపోతే అక్కడ ఎవరూ తినలేరు. ఆయన అలా నిలబడాల్సిందే, నన్ను చూడాల్సిందే. నేను ఎంతసేపు పట్టుకుంటే అంతసేపు నా మొగుడు నావైపే ఉంటాడు. ఇంకేమీ లేదు నా దగ్గర, అదొక్కటే ఉంది. సాయంత్రం దాకా పట్టుకోవాలనిపించింది. పొద్దు గూకినా, ట్రాలీలన్నీ పోయినా, అట్లాగే పట్టుకుని కూర్చోవాలనిపించింది. వేళ్ళ మీద కొవ్వు పేరుకుపోయింది. కన్నడం అక్క అక్కడి నుంచి "ఊట మాడవ్వా, ఊట మాడు," అంటోంది, చిన్నపిల్లకు తినమని చెప్పినట్టు.

ఆ పోరగాళ్ళు పొద్దున రెండు అరటిపండ్లు తిని ఆడారు. ఎనిమిదేళ్ళు నా చేత్తో పెట్టాను వాళ్ళకు. అత్తమ్మకు షుగరుంది. వేళకు తినకపోతే కళ్ళు తిరుగుతాయి. నడి ఎండలో నిలబడే ఉంది.

ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నాయన నీళ్ళ చెంబు ఇచ్చాడు. మింగాను.

అవతల ఎవరో ఈల వేశారు. మళ్ళీ డీజే మొదలైంది, గిన్నెల మీద మూతలు లేచాయి. ఆడవాళ్ళు వచ్చి అత్తమ్మను పట్టుకుని తీసుకుపోయారు. నవీన్ ఇంకాసేపు నిలబడతాడనుకున్నాను. ఎవరో విస్తరాకు చేతికిచ్చారు. పోరగాళ్ళ మధ్యన కూర్చున్నాడు. ఆకలి మీదుంటే ఆయన తల ఎత్తకుండా తింటాడు. ఎత్తలేదు.